పిప్పళ్ళ పేరు చెప్పి జహనుమాకు

ఒక మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పిప్పళ్ళు కొనడానికి హైదరాబాదు పాతబస్తీకి వెళ్తున్నానని ల్యాబులో సెలవు చీటీ రాసిచ్చాను. గైడుగారు మంచిదేనన్నారు, నాలుగైదు కొట్లలో నమూనాలు తీసుకురమ్మన్నారు. అమ్మకూ అదే చెప్పాను. పిప్పళ్ళు విశాఖపట్నంలోనూ దొరుకుతాయి. నేను వెళ్ళింది ఎస్తేరక్క దగ్గర ఒక తప్పు ఒప్పుకోవడానికి. పైగా బండి ఎక్కి కూర్చున్నాక కూడా, ఏదో ఒక కారణం దొరికితే చెప్పకుండానే తిరిగి వచ్చేయవచ్చని ఆశపడ్డాను. ఎవరికీ చెప్పనిది ఆ ఆశ సంగతే.

ఎస్తేరక్క మా ల్యాబులో పన్నెండేళ్ళు టెక్నీషియన్‌గా పనిచేసింది. ఫలక్‌నుమా పక్కనున్న జహనుమా ఆమె పుట్టిన చోటు. నాకు పని నేర్పింది ఆమే. నలుగురిలో నోరు విప్పలేని నేను ఆమె పక్కన మాత్రం గంటలు గంటలు మాట్లాడేదాన్ని. సాయంత్రాలు పని ముగిశాక ఇద్దరం సముద్రం దాకా నడిచేవాళ్ళం. నేను చదివిన పుస్తకాల కథలు చెప్తుంటే ఆమె పల్లీలు తింటూ వినేది, చివర్లో "గంతేనా?" అనేది.

మా పని రొమ్ము క్యాన్సర్ మీద. కొందరిలో కీమో మందు మొదట బాగా పనిచేసి, తరవాత పనిచేయడం మానేస్తుంది. ఇంట్లోకి వాననీళ్ళు వస్తే బకెట్లతో తోడి పోస్తామే, క్యాన్సర్ కణాలు కూడా లోపలికి వచ్చిన మందును అలాగే బయటికి తోడేయడం నేర్చుకుంటాయి. ఆ తోడే చేతిని పట్టి ఆపే గుణం కొన్ని మొక్కల్లో ఉందేమోనని మేం వెతుకుతున్నాం. నా వంతుకు పిప్పలి వచ్చింది. పరీక్షకు కావలసిన మొండి కణాలను ఎస్తేరక్క తయారుచేసింది. గాజుపాత్రలో కణాలకు మందును అతి కొద్దిగా మొదలుపెట్టి, ఎనిమిది నెలల పాటు పెంచుకుంటూ పోయింది. అవి మొండిగానే ఉండాలంటే పోసే ద్రవంలో ఆ మందు కొంచెం ఎప్పుడూ ఉండాలి. మానేస్తే మెల్లమెల్లగా మామూలు కణాలైపోతాయి.

తరవాత అక్కకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఉద్యోగం వదిలి జహనుమాలో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. తగ్గింది, మళ్ళీ వచ్చింది. రెండోసారి, మా కణాలకు పోసే ఆ కీమో మందే ఆమెకు పనిచేయలేదు.

ఆమె లేని ల్యాబులో నేను పదకొండు వారాలు కణాలకు మందు కలపలేదు. సీసా అయిపోయింది, కొత్తది రావడం ఆలస్యమైంది, వచ్చాక నాకు గుర్తు లేదు. ఆ కణాల మీదే పిప్పలి సారం, మందు కలిపి వేశాను. చచ్చిపోయాయి. పక్కనే మందు ఒక్కటే వేసిన వరుస పెట్టి పోల్చాలి. పెట్టలేదు. ఆ అంకెలు అక్క పాత నోటుబుక్కులోంచి తీసుకున్నాను. ఆమె చేతి లెక్క అంటే నాకంత గురి. ఆ సాయంత్రమే ఫోన్ చేసి, "అక్కా, పిప్పలి పనిచేసింది" అన్నాను. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఏడుస్తోందని అర్థమైంది.

మూడు నెలల తరవాత ఆ వరుస పెట్టి చూస్తే, మందు ఒక్కదానికే కణాలు చచ్చాయి. మూడుసార్లు చేశాను. అవి ఎప్పుడో మొండితనం మానేశాయి. పిప్పలి గొప్పతనమని నేను అనుకున్నది నా మతిమరుపు. ఎవరికీ చెప్పకుండా రెండు వారాలు గడిపాక అక్క తమ్ముడు డేవిడన్న ఫోన్ చేశాడు. అక్క రోజూ పిప్పళ్ళు తింటోందట. డాక్టరు రాసిన కొత్త మందుకు ఒక తారీఖు తప్పించిందట. వచ్చే సోమవారం ఇంకో తారీఖు ఉంది, దానికీ పోనంటోందట, పిప్పళ్ళుంటే పాత మందే మళ్ళీ పనిచేస్తుందంటోందట.

జహనుమా

శుక్రవారం పొద్దున ఫలక్‌నుమా స్టేషన్ బయట డేవిడన్న స్కూటర్ మీద ఉన్నాడు. కంచన్‌బాగ్‌లో లోహాలు కరిగించే కర్మాగారంలో పని, ముంజేతుల మీద చిన్నచిన్న కాలిన మచ్చలు.

"ఎక్కు చెల్లె. బ్యాగుల ఏంది ఇంత బరువు, బంగారమా?"

"పుస్తకాలు."

"మూడు దినాలకు ఇన్ని పుస్తకాలా? మా ఇంట్ల కూసొని సదువుకుంట అంటే మా అక్క ఊకోదు. నీకోసం పొద్దుగాల నుంచి లొల్లి. చాపలు కడుగు, దుప్పట్లు మార్చు. నాకు ఎన్నడు మార్చలే."

సందు మొదట్లో ఒక పాల డిపో, దాని పక్కన మసీదు గోడ, గోడకు ఆనుకుని కుట్టుమిషన్ల చప్పుడు. రెండో మలుపులో అక్క వాళ్ళ ఇల్లు. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. సన్నబడింది. స్కార్ఫ్ కింద జుట్టు మగపిల్లల క్రాపులా మళ్ళీ మొలుస్తోంది. నన్ను చూసి నవ్వలేదు, తల నుంచి కాళ్ళ దాకా చూసి, "ఎందుకు గిట్లయినవ్? తింటలేవా?" అంది. రెండేళ్ళుగా నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

మాకు పొద్దున ఇడ్లీయో ఉప్మాయో. అక్కడ పొద్దునే కిచిడీ, పక్కన ఖట్టా అని నువ్వులు, చింతపండు కలిపిన పులుపు. మా ఇంట్లో కిచిడీ జ్వరం వచ్చినవాళ్ళకు. అదే చెప్తే అక్క మరదలు రాణి వదిన, "అయితే మా బస్తీ అంతా జ్వరమే" అంది.

తిన్నాక అక్క అడిగింది. "సముద్రం ఎట్లుంది?"

"అలాగే ఉందక్కా."

"నా కణాలు?"

"బాగున్నాయి" అన్నాను. మొదటిరోజు నా నోట వచ్చినది ఈ అబద్ధం ఒక్కటే.

ఆమె కిటికీలో ఉన్న స్టీలు డబ్బా తీసి మూత తిప్పి చూపించింది. సగం దాకా పిప్పళ్ళు, నల్లగా, పొట్టిగా, ఎండిన గొంగళిపురుగుల్లా. "పొద్దున మూడు, మాపటికి మూడు. తేనెల వేసుకొని. మస్తు కారం. అయినా తింట. నువ్వు చెప్పినంక ఇగ నాకు ఫికర్ లేదు." నేను డబ్బాకు మూత పెట్టి ఆమె చేతికిచ్చాను.

బేగంబజార్

శనివారం పొద్దునే ఒక ఘనకార్యం చేశాను. స్నానాలగదిలో మూత పెట్టిన నీలం డ్రమ్ములో నీళ్ళుంటే, తల స్నానం చేసి రెండు జతల బట్టలు కూడా ఉతుక్కున్నాను. మా ఊళ్ళో కుళాయి తిప్పితే నీళ్ళు. అక్కడ నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, ఆ డ్రమ్ము ఇంటిల్లిపాదికీ రెండు రోజుల తాగేనీళ్ళు. రాణి వదిన ఖాళీ డ్రమ్ములోకి తొంగిచూసి, "పోనియ్. తలకాయ మంచిగ తెల్లబడ్డది" అంది. అందరూ ఖాలా అని పిలిచే పక్కింటి పెద్దావిడ రెండు బిందెలు అరువిచ్చింది. ఆ రోజంతా నీళ్ళు అడగాలంటే సిగ్గేసి దాహంతో తిరిగాను.

డబ్బా సగమైందని అక్క నన్ను వెంటబెట్టుకుని బేగంబజారుకు బయల్దేరింది. ఆటో మూసీ దాటాక జనంలో ఇరుక్కుంది. "భాయ్, కొట్టు దాక పోదామా?" అని అక్క అడిగితే, ఆటో ఆయన వెనక్కి తిరగకుండానే, "బేగంబజార్ల మనిషి నిలబడనీకే జాగ లేదమ్మా, ఆటోకు ఎక్కడిది?" అని దింపేశాడు.

మా పూర్ణా మార్కెట్టులో దుకాణాలు వరసగా, ఒక పద్ధతిలో ఉంటాయి. ఇక్కడ ఇత్తడి బిందెల గుట్ట పక్కనే ఎండుమిర్చి బస్తా, దాని మీద ప్లాస్టిక్ పూలు. మిర్చి ఘాటుకు వరుసగా తుమ్ముతుంటే హమాలీలు నవ్వుకుంటూ పోయారు. మూలికలు అమ్మే కొట్టు ఒక సందులో లోపల ఉంది. గద్దె మీద తెల్ల లాల్చీ పెద్దాయన.

"ఛోటీ పిప్లీ కావాల్నా, బడీయా అమ్మా?"

"ఛోటీ. పాత మాల్ ఇయ్యకు సేఠ్."

"ఈ దుకాణంల పాతది నేనొక్కన్నే. మాల్ అంత కొత్తదే."

వంద గ్రాములు తొంభై అన్నాడు. అక్క ఎనభైకి దింపింది. ఒక పిప్పలి తీసి విరిచి, వాసన చూసి, కొరికి, నాలుక బయటపెట్టి గాలి పీల్చింది. ల్యాబులో సీసా మూత తీసినప్పుడు కూడా అంతే జాగ్రత్తగా ఉండేది. నాకూ ఒక ముక్క ఇచ్చింది. "నాలుక మొద్దుబారాలె. లేకుంటే పుచ్చుది." నా నాలుక మొద్దుబారింది. మాట్లాడకపోవడానికి అదొక సాకు దొరికింది.

"అర కిలో ఇయ్యి" అంది అక్క. నా వైపు తిరిగి, "రెండు నెలలకు సరిపోతది" అంది.

రెండు నెలలు. అప్పుడే చెప్పాల్సింది. సేఠ్ కాగితం పొట్లం కట్టి దారం చుట్టే వరకు నిలబడి చూశాను. మా గైడుగారి నమూనాల కోసం నేను కూడా మూడు కొట్లలో కొంచెం కొంచెం కొన్నాను.

తిరిగి వస్తుంటే అక్కకు ఆయాసం వచ్చింది. చక్కెర బస్తాల మీద కునుకు తీస్తున్న హమాలీ లేచి, "కూసో అమ్మా, బస్తా ఏమనదు" అన్నాడు. కూర్చుని, దారిన పోయేవాళ్ళను పట్టించుకోకుండా అక్క అంది: "కొత్త మందు అంటే మల్ల నరం గుచ్చుడు, మల్ల జుట్టు పోవుడు. పంజేస్తదో లేదో వాళ్ళకే తెల్వదు. నీ పిప్పలి సంగతి నాకు ఎర్క గద. మంచిగైతే మల్ల ల్యాబుకు వస్త. జీతం లేకున్నా వస్త."

నాకు కావలసింది కూడా అదే. మళ్ళీ పక్కపక్కన రెండు స్టూళ్ళు, సాయంత్రం సముద్రం దాకా నడక. ఆమె ఎంత కోరుకుందో నేనూ అంతే కోరుకున్నాను. అందుకే ఒక్క సంగతి ఆలస్యంగా తట్టింది. ఎవరు ఏ ఫలితం తెచ్చినా ముందు మందు ఒక్కటే వేసిన వరుస ఏదని అడిగే మనిషి, నన్ను ఆ ప్రశ్న అడగనే లేదు.

ఆదివారం సాక్ష్యం

అక్క వాళ్ళు క్రైస్తవులు. ఆదివారం అందరితో పాటు నేనూ మందిరానికి వెళ్ళాను. చిన్న రేకుల హాలు, ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు జంపఖానాల మీద. మా గుడిలో ఎవరి మొక్కు వాళ్ళు మనసులోనే చెప్పుకుంటారు. ఇక్కడ పాటలయ్యాక సాక్ష్యాలని ఒక సమయం ఉంది. దేవుడు తమకు ఏం చేశాడో లేచి అందరికీ వినిపించేలా చెప్తారు. ఒకాయన కొడుక్కి డ్రైవింగ్ లైసెన్సు వచ్చిందన్నాడు. ఒకావిడ అత్తగారు తనతో మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టిందంది, వెనక నుంచి నవ్వులు. తరవాత నా పక్క నుంచి అక్క లేచింది.

"నేను ల్యాబుల ఒక పిల్లకు పని నేర్పిన. పాత మందు ఇగ నీకు పంజేయదని డాక్టర్లు చెప్పిన్రు. పంజేస్తదని ఈ పిల్ల తీసి చూపించింది. దేవుడు ఆమె చేతుల పెట్టిండు. ఇగో, గీడనే కూసుంది."

హాలంతా నా వైపు తిరిగింది. "స్తోత్రం" అన్నారు. తల దించుకున్నాను. అందరూ దాన్ని వినయమనుకున్నారు.

బయట చెప్పులు వేసుకుంటుంటే లీలమ్మ అనే ఒకామె నా చెయ్యి పట్టుకుంది. ఆమె కూతురికీ అదే జబ్బు, కీమో నడుస్తోంది. "రోజుకు ఎన్ని తినాలె బిడ్డా? పాలల్ల వెయ్యాల్నా?"

"రేపు చెప్తానండీ" అన్నాను.

మధ్యాహ్నం బగారా అన్నం, మటన్. నాకిష్టమని రాణి వదిన పచ్చిపులుసు కూడా చేసింది. నేను రెండు ముద్దలు తిని లేచాను. డేవిడన్న, "సైంటిస్టులు గింతే తింటరా?" అన్నాడు.

మేడ మీద

భోజనాలయ్యాక అక్క మేడ మీద పాత చీర పరిచి అర కిలో పిప్పళ్ళూ పోసింది. పుల్లలూ రాళ్ళూ ఏరాలి. ఎదురెదురుగా కూర్చున్నాం. దూరంగా ఫలక్‌నుమా కొండ, మీద తెల్లగా ప్యాలెస్. కాసేపు ఏరాక, తల ఎత్తకుండా చెప్పాను.

"అక్కా, నేను ఒక వరుస పెట్టలేదు. పిప్పలి లేకుండా, మందు ఒక్కటే వేసింది."

ఆమె వేళ్ళు ఆగలేదు. "మరి పోల్చనీకె అంకెలు ఎక్కడియి?"

"మీవి. మీ పాత నోటుబుక్కులోవి."

వేళ్ళు ఆగాయి.

"మందు లేకుంట ఎన్ని వారాలు పెంచినవ్?"

"పదకొండు."

"మల్ల చేసినవా?"

"మూడుసార్లు."

"మందు ఒక్కదానికే సచ్చినయా?"

"చచ్చాయి."

కింద సందులో ఎవరో కూరగాయల బండి తోసుకుంటూ పోయారు. అక్క ఏరిన పుల్లలన్నీ ఒక పక్కకు ఊడ్చింది.

"అంటే పిప్పలి ఏం జెయ్యలే."

"తెలీదక్కా. చేసిందని చెప్పడానికి నా దగ్గర లెక్క లేదు. రేపు నిజంగా చేస్తుందని తేలినా, గాజుపాత్రలో వేసినంత మోతాదు తింటే ఒంట్లోకి రాదు. కొన్నిసార్లు మందుకే అడ్డుపడవచ్చు."

"ఎప్పుడు తెలిసింది?"

"ఇరవై రోజులైంది."

"ఇరవై దినాలు." చేతిలోని పిప్పలిని చీర మీద పెట్టింది. "నిన్న బజార్ల నా పక్కనే నిలబడ్డవు. నేను అర కిలో కొన్న. అప్పుడు నోట్లె ఏముండె?"

నేను చీర అంచు సరిచేశాను.

"నా అంకెలు ఎందుకు తీసుకున్నవ్?"

"మీవి కాబట్టి. మీ చెయ్యి తప్పు చెయ్యదని."

"అవి నాలుగేండ్ల కిందటి కణాలు. అప్పటియి వేరు, ఇప్పటియి వేరు. గింత కూడ తెల్వదా నీకు?" గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే నాకు తేలికయ్యేది. మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచింది. "లీలమ్మకు ఏం జెప్పినవ్?"

"రేపు చెప్తానన్నాను."

"రేపు గాదు, ఇప్పుడు పో. పాల డిపో ఎదురుంగ పచ్చ గేటు. నేను రాను."

నా జీవితంలో తెలియని ఇంటి తలుపు ఒంటరిగా కొట్టడం అదే మొదలు. లీలమ్మ తలుపు తీసి, కుర్చీ వేసి, నీళ్ళు ఇచ్చింది. నాది తప్పు లెక్క అని, పిప్పళ్ళు పెట్టవద్దని, ఏం పెట్టాలన్నా డాక్టరును అడగమని చెప్పాను. లోపలి గదిలో మంచం మీద ఆమె కూతురు నా వయసుదే, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోవడం లేదని తెలుస్తూనే ఉంది. లీలమ్మ నా చేతిలోని గ్లాసు అందుకుంది. "ఇంకా తెప్పియ్యలే. మంచిదైంది" అంది.

తిరిగి వచ్చేసరికి చీర మీద పిప్పళ్ళు అలాగే ఉన్నాయి. అక్క కింద వంటింట్లో గిన్నెలు తోముతోంది. ఆ సాయంత్రమంతా ఆమె నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం వడ్డించింది.

మూసీ అవతల

సోమవారం పొద్దున నేను సంచి సర్దుకుని బయటికి వచ్చేసరికి అక్క చీర కట్టుకుని, ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చుని ఉంది. తమ్ముడితో ఒకే మాట అంది: "దవాఖానకు."

మూసీ అవతలి ఆ ఆసుపత్రిలో డాక్టరు చిన్న వయసావిడ. "పోయినసారి ఎందుకు రాలేదు?" అని అడిగింది. అక్క గడ్డంతో నన్ను చూపించింది. "ఆమెను అడగండ్రి."

డాక్టరు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. తరవాత మొదటి నుంచి చివరి దాకా చెప్పాను: పదకొండు వారాలు, నోటుబుక్కు, ఫోన్, రోజుకు ఆరు పిప్పళ్ళు. డాక్టరు రాసుకుంది. నన్ను తిట్టలేదు. పిప్పళ్ళు ఈరోజు నుంచే ఆపాలంది. కొన్ని దినుసులు మందు ఒంట్లో కరిగే తీరునే మార్చేస్తాయని, అందుకే వంటింటి వస్తువైనా తమకు చెప్పి తినాలని అక్కకు చెప్పింది. రక్తపరీక్ష బాగుంటే కొత్త మందు ఈరోజే మొదలుపెడదామంది.

"పంజేస్తదా?" అంది అక్క.

"చాలామందికి పనిచేస్తుందమ్మా. మీకు పనిచేస్తుందో లేదో రెండుమూడు సార్లు ఇచ్చాక చూసి చెప్తాను."

"గట్ల చెప్పండ్రి" అంది అక్క. ఆ మాట ఆమెకు నచ్చినట్టే ఉంది.

రక్తపరీక్ష కాగితం మధ్యాహ్నానికి వచ్చింది. బాగానే ఉంది.

నేను తిరిగి వచ్చి మూడు వారాలైంది. గైడుగారికి అంతా చెప్పేశాను. ఆయన ఆ రోజంతా ముభావంగా ఉన్నారు, మర్నాడు కొత్త మందు సీసాకు సంతకం పెట్టారు. కణాలను మళ్ళీ మొదటి నుంచి మొండిగా పెంచుతున్నాను. ఎనిమిది నెలలు పడుతుంది. సాయంత్రం సముద్రం వైపు వెళ్ళడం మానేశాను, ఒక్కదాన్నే నడిస్తే దారి చాలా పొడుగ్గా ఉంది. అక్క రెండో మోతాదు కూడా తీసుకుందని, అన్నం బాగానే తింటోందని డేవిడన్న కబురు పెట్టాడు. అక్క నుంచి ఏమీ లేదు.

ఆ సోమవారం మధ్యాహ్నం మందు ఎక్కించే గది గుమ్మం దగ్గర నర్సు, రోగితో ఒక్కరే రావాలంది. డేవిడన్న ఫైలు పట్టుకుని ముందు వెళ్ళాడు. అక్క లోపలికి ఒక అడుగు వేసి ఆగింది. స్కార్ఫ్ సర్దుకుంది. నా మొహంలోకి కాకుండా నా భుజం మీదున్న సంచి వైపు చూస్తూ అంది:

"నువ్వు ఫోన్ చెయ్యకు. చెయ్యాలనిపించిన దినం నేనే చేస్త."